మే నెలలో వెళ్లి చూడు

చిరంజీవి మేనల్లుడికి, మామ ఆశీస్సులు.

కదిరి అవతల గుట్టల వెనక ఐదెకరాలు చూశావనీ, ఉద్యోగం మానేసి అక్కడే పండించుకుని తింటావనీ మీ అమ్మ చెప్పింది. ఆమెకు ఒకటే టెన్షన్. నాకు మాత్రం ఒక్క అనుమానం. నువ్వు చూసింది నవంబరులో. వానలు పడ్డాక మన సీమలో ఏ గుట్టయినా కోనసీమలాగే కనిపిస్తుంది. అడ్వాన్సు ఇచ్చే ముందు మే నెలలో మిట్టమధ్యాహ్నం వెళ్లి, చుట్టుపక్కల బావుల్లోకి తొంగి చూడు.

బోరు వేస్తే నీళ్లు పడతాయని అమ్మేవాళ్లు అంటారు. నేను మూడు వేయించాను. రెండు చోట్ల నీళ్లు చూసేవాడి అరచేతిలో కొబ్బరికాయ నిటారుగా లేచి నిలబడింది, బోరులో మాత్రం ఆరువందల అడుగులు పోయినా దుమ్మే లేచింది. మూడోది పోస్తోంది, అదీ పక్కన చెరువు నిండిన ఏడాదే. కాబట్టి బోరును లెక్కలోకి తీసుకోకుండా ఆలోచించు. మన ఉమ్మడి అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. తక్కువే, కానీ వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద పడేది 50 వేల లీటర్లు. వృథా పోగా 40 వేలు సంపులో పట్టినా మీ ముగ్గురికీ తాగడానికి, వంటకు ఏడాదంతా వస్తుంది. ముందు సంపు తవ్వించు, ఇల్లు తర్వాత.

కాగితాల సంగతి నీకు చెప్పనక్కర్లేదు. సాగు వివరాలుండే అడంగల్, హక్కుదారును చూపే 1బి, పాత లావాదేవీలు చూపే ఈసీ చూస్తావు. అది ప్రభుత్వం పేదలకిచ్చిన డీ పట్టానా, రికార్డులో యజమాని పేరుకు బదులు చుక్కలున్న చుక్కల భూమా, రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో ఉందా అన్నది మాత్రం నువ్వే వెళ్లి కనుక్కో, బ్రోకరు మాట నమ్మకు. పొలంలోకి వెళ్లే బాట పటంలో ఉందా, లేక పక్కాయన దయ మీద నడుస్తోందా అన్నది ఇంకా ముఖ్యం. ఆయన కంచె వేసిన రోజు నువ్వు కోర్టు మెట్లెక్కాలి.

రక్తపింజరి కరిస్తే ఏ ఆసుపత్రిలో మందు ఉంటుందో, 108 ఎంతసేపటికి వస్తుందో ఊళ్లో అడుగు. అడవిపందులు వేరుశనగను వదలవు, కంచె ఖర్చు కూడా వేసుకో.

తిండి మాటకొస్తే, కొర్ర, జొన్న, కంది, అనప మన నేలలో వస్తాయి. బియ్యం, నూనె మొదటి రెండేళ్లు కొనాల్సిందే, అందులో నామోషీ ఏమీ లేదు.

నా మాట వింటే ఈ ఏడాది కొనకు. అదే ఊళ్లో రెండెకరాలు కౌలుకు తీసుకుని, బాడుగింట్లో ఉండి ఒక పంట చెయ్యి. ఊరు నిన్ను చూస్తుంది, నువ్వు ఊరిని చూస్తావు. సాయంత్రం ఏడింటికే నిశ్శబ్దమైపోయే చోట మా కోడలు ఉండగలదో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. ఆమెను అడిగావా అసలు?

మేలో నేనూ వస్తాను. సర్వే నంబరు రాసి పెట్టుకో, గొడుగు తెచ్చుకో. అక్కడ నీడకు ఒక్క చెట్టూ లేదని విన్నాను.

మీ మామ