తొట్టిలో మొక్కలకు ఎంత వెలుగు?

ప్రశ్న: మా హాల్లో 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు అక్వేరియం పెట్టించాం. నీటి మొక్కలు పెంచాలని ఉంది. షాపాయన 200 వాట్ల ఎల్‌ఈడీ లైటు పెట్టమంటున్నాడు. అంత కావాలా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ అందించే సిలిండర్ పెడుతున్నారా? మీరు రాయలేదు కాబట్టి లేదనే అనుకుంటాను. అలాంటప్పుడు 200 వాట్లు వద్దండీ. నెల్లూరులో నా మొదటి తొట్టికి నేనూ ఇలాగే ఆశపడి పెద్ద లైటు తగిలించాను. నెల తిరక్కుండానే నీళ్లు రొయ్యల చెరువులా పచ్చబడ్డాయి. అద్దం మీద పాచి గీకలేక చచ్చాను. గ్యాస్, ఎరువు చాలకపోతే అదనపు వెలుగు మొక్కకు కాదు, పాచికే అక్కరకొస్తుంది.

మీ తొట్టి నిండుగా 560 లీటర్లు. లీటరుకు 15 నుంచి 20 ల్యూమెన్లు (లైటు ఇచ్చే వెలుగుకు కొలత) చాలు, అంటే సుమారు 8,500 నుంచి 11,000. కొనేటప్పుడు వాట్లు కాదు, పెట్టె మీద ల్యూమెన్లు చూడండి. లైటు రంగు 6,500 కెల్విన్ (పగటి వెలుగులాంటి తెలుపు) దగ్గర ఉంటే ఆకులు పచ్చగా కనిపిస్తాయి. వెడల్పు 2 అడుగులు కదా, ఒకే లైటు పట్టీ పెడితే ముందు వరస నీడలో పడుతుంది. రెండు పట్టీలు పెట్టండి.

టైమర్ తప్పనిసరి. మొదట్లో రోజుకు 6 గంటలు, మొక్కలు కుదురుకున్నాక 8. మొక్కలంటారా, అనూబియాస్, జావా ఫెర్న్, వాలిస్నేరియా. ఎర్రాకుల వాటి జోలికి ఇప్పుడే పోకండి.

రోహిణి కార్తెలో మన ఎండలు తెలిసిందే. లైటును నీటికి కాస్త ఎత్తులో వేలాడదీయండి, వేడి తగ్గుతుంది.