అమ్రాబాద్‌లో జనాభా లెక్కలు చేపట్టబోయే బిడ్డకు

చిరంజీవి సౌభాగ్యవతి బిడ్డకు పెద్దనాయన ఆశీస్సులు.

నిన్ను అమ్రాబాద్ మండలానికి తహసీల్దారుగా వేశారని మీ నాయన చెప్పాడు. 2027 మార్చి 1 నాటి స్థితిని లెక్కించే జనగణనకు మండలంలో చార్జి అధికారివి, అంటే లెక్కింపు మొత్తానికి బాధ్యురాలివి, నీవే అవుతావు. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం అచ్చంపేట, లింగాల, అమ్రాబాద్ ప్రాంతాలలోనే గడిచింది కనుక, మైదానంలో చక్కగా సాగే పద్ధతి నల్లమల ఘాటు ఎక్కగానే ఎక్కడ తప్పుతుందో నీకు ముందుగా తెలియాలని ఇది రాస్తున్నాను.

నాగర్‌కర్నూల్ జిల్లా 2016 అక్టోబర్ 11న ఏర్పడింది. అప్పుడే పదర కూడా వేరు మండలమైంది. జిల్లా జనంలో పదింట తొమ్మిది వంతుల మంది పల్లెల్లోనే ఉంటారు, కానీ కల్వకుర్తి వైపు పల్లెకూ ఇక్కడి పల్లెకూ పోలిక లేదు. నీ మండలంలో అధిక భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం కిందికి వస్తుంది. రికార్డులో ఉండేది రెవెన్యూ గ్రామం పేరు, మనుషులు ఉండేది మాత్రం దానికి మైళ్ల దూరంలో, అడవిలో విడివిడిగా ఉన్న పెంటల్లో, అంటే చెంచు గిరిజనుల చిన్న ఆవాసాల్లో. అందువల్ల గ్రామాల జాబితా ముందు పెట్టుకొని బ్లాకులు, అంటే ఒక్కొక్కరు లెక్కించాల్సిన ప్రాంతాలు, గీయవద్దు. పంచాయతీ కార్యదర్శి దగ్గరి జాబితా, మన్ననూరు ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) జాబితా, అటవీ శాఖ జాబితా మూడూ ఒకే బల్ల మీద పరిచి, అంగన్‌వాడీ టీచర్లనూ, ఆశా కార్యకర్తలనూ, తేనె, బంక కొనే జీసీసీ (గిరిజన సహకార సంస్థ) డిపో సిబ్బందినీ కూర్చోబెట్టి, ఒక్కొక్క పెంట పేరు చదివించు. ఆ మూడు జాబితాలు సరిపోలవు, సరిపోలని చోటుకు నీవే స్వయంగా వెళ్లు. సుమారు ఏడువందల మందికి ఒక బ్లాకు అన్న మామూలు కొలతను ఇక్కడ పట్టుకుంటే లెక్కలకు వేసిన ఒక్క ఉపాధ్యాయుడు అడవిలో రోజంతా నడిచి నాలుగు ఇళ్లు కూడా పూర్తి చేయలేడు, కాబట్టి చిన్న బ్లాకులు కావాలని పై అధికారులకు ఇప్పుడే రాయి.

ఇంత పట్టింపు ఎందుకంటే, కొండ ప్రాంతాలలో ప్రభుత్వ సేవలన్నీ ఇంతమంది ఉండాలన్న జనాభా కొలతల మీదే నిలబడి ఉన్నాయి. ఆరోగ్య ఉపకేంద్రానికి మైదానంలో 5,000 మంది కావాలంటే గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 మంది చాలు. చిన్న అంగన్‌వాడీకి 150 మంది చాలు. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చినప్పుడు 500 మంది ఉన్న తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. లెక్కలో పది ఇళ్లు తప్పిపోతే మైదానపు ఊరికి తెలియదు, పెంటకు మాత్రం ఒక అంగన్‌వాడీ పోవచ్చు. 2011 లెక్కల ప్రకారం తెలంగాణ మొత్తంలో చెంచులు 17 వేల లోపే. అంత చిన్న సంఖ్యలో ప్రతి తప్పూ పెద్దదే.

అన్నిటికంటే కష్టమైనది వలసల సంగతి, దీన్ని శ్రద్ధగా చదువు. పాలమూరు లేబర్, అంటే మన వైపు వలస కూలీలు, దసరా దాటగానే తమను పనికి తీసుకుపోయే మేస్త్రీల వెంట బయలుదేరి ఉగాదికి తిరిగి వస్తారు. 2027లో ఉగాది ఏప్రిల్‌లో పడుతుంది, లెక్కింపు ఫిబ్రవరిలో జరుగుతుంది, అంటే నీ తండాల్లో అప్పుడు కనిపించేది ముసలివాళ్లూ పిల్లలూ మాత్రమే. లెక్కింపు జరిగే రోజులన్నింటిలోనూ ఊళ్లో లేని మనిషిని ఇంటి దగ్గర లెక్కించరాదు, ఉన్నచోటనే లెక్కించాలి. అయితే రేషన్ కార్డు పోతుందన్న భయంతో ఇంట్లోని ముసలమ్మ అందరూ ఇక్కడే ఉన్నారని చెబుతుంది, అక్కడ పనిస్థలంలో గుడిసెల వైపు ఎవరూ పోరు. ఒకడు రెండుసార్లు లెక్కకు వస్తే ఇంకొకడు అసలే రాడు. కనుక దసరాకు ముందే తండా తండాకూ మేస్త్రీ ఎవరో, గుంపు హైదరాబాద్‌కు పోతుందో పుణెకు పోతుందో, ఎవరెవరు పోతున్నారో రాయించు. అక్కడి అధికారులకు ఆ జాబితా పంపు. పోయేవాళ్లకు సైతం, లెక్కలవాళ్లు రాకపోతే అడిగి రాయించుకోండని నోటితో చెప్పు. లెక్కకూ రేషన్ కార్డుకూ సంబంధం లేదని ముసలివాళ్లకు నీవే చెప్పు, సిబ్బంది చెబితే నమ్మరు.

పెంటల్లోని భయం వేరు. పేరు రాయించుకుంటే అడవి నుంచి దింపేస్తారేమోనని చెంచులు అనుమానిస్తారు, పునరావాసం మాట ఏళ్లుగా వింటున్నవాళ్లకు ఆ అనుమానం న్యాయమైనదే. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఎవరు చెప్పిన వివరాలైనా రహస్యం, వాటిని సాక్ష్యంగా వాడరాదు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం అభయారణ్యం నుంచి వాళ్లను తరలించాలంటే గ్రామసభ ఒప్పుకోవాలి. ఈ రెండూ పెద్దమనిషి ఎదుట కూర్చొని తేట తెలుగులో చెప్పు. దారి చూపడానికి అటవీ సిబ్బంది రావచ్చు గానీ, ప్రశ్నలు అడిగేటప్పుడు యూనిఫాం పక్కన ఉండరాదు. చదువుకున్న చెంచు యువకుడిని వెంట పంపితే అన్నింటికీ మేలు.

వయసు దగ్గర చాలామంది ఎన్యూమరేటర్లు (ఇంటింటికీ తిరిగి లెక్క రాసేవాళ్లు) తోచిన అంకె వేస్తారు. అలా చేయనివ్వవద్దు. శ్రీశైలం డ్యాం కట్టేటప్పుడు నీవు ఎంతవాడివి, పటేల్ పట్వారీలు పోయిన 1984లో పెళ్లయిందా, 2009 వరదలప్పుడు పెద్ద పిల్ల నడిచేదా అని అడిగితే సరైన వయసు దానంతటదే తేలుతుంది. ఇలాంటి సంఘటనల పట్టిక ఒకటి తయారుచేసి అందరికీ ఇవ్వు.

2027లో శివరాత్రి మార్చి 6న. శ్రీశైలం దారి నిండా శివస్వాములు నడుస్తారు, నీ సిబ్బందిని బందోబస్తుకు అడుగుతారు. ఇవ్వలేనని ముందే కలెక్టరుకు రాసిపెట్టు. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి మూస్తారు కాబట్టి లోపలి పెంటలకు వెళ్లేవాళ్లకు లోపలే బస ఏర్పాటు చేయి. సిగ్నల్ అందని చోట్ల ఫోను నమ్ముకోకుండా పుస్తకంలో కూడా రాయించి, బయటికి వచ్చాక సరిచూపించు. 2011లో మార్చి 1 నుంచి 5 వరకు పునఃపరిశీలన జరిగింది. ఈసారీ అలాంటి గడువు ఇస్తే, దానిని మండల కేంద్రంలో కాగితాలకు ఖర్చు చేయక, మొదటిసారి వెళ్లినప్పుడు తాళం వేసి కనిపించిన ఇళ్లకే కేటాయించు.

నీ పెద్దనాయన