లేని పీక్ గురించి రాయి

తమ్ముడూ,

వ్యాసం అందింది, భాష బాగుంది. కానీ రెండో పేజీలో "ఎక్స్‌రే డిఫ్రాక్షన్ అంటే క్రిస్టల్‌కి తీసిన ఫొటో" అన్నావు చూడు, అక్కడ కాగితాలు పక్కన పడేసి లేచి అటూ ఇటూ నాలుగడుగులు వేసొచ్చా. ఫొటో కాదయ్యా! క్రిస్టల్ మీద ఎక్స్‌రేలు వేస్తే లోపలి ఆటమ్ పొరల నుంచి వచ్చే కిరణాలు జత కలిస్తే పీక్, అంటే గ్రాఫ్‌లో పైకి లేచే మొన, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే ఏమీ ఉండదు.

బ్రాగ్ సూత్రానికి అరపేజీ ఇచ్చావు, సరే. దాని ప్రకారం పీక్ ఏ కోణంలో వస్తుందో పొరల మధ్య దూరం చెప్తుంది. మరి దాని ఎత్తెంత, అసలు వస్తుందా రాదా? అది లోపల ఏ ఆటమ్ ఎక్కడ కూర్చుందో దాన్నిబట్టి. దానిమీద ఒక్క లైనూ లేదు! మామూలు ఇనుము తీసుకో, క్యూబ్ మూలల్లో ఆటమ్స్, నడిమధ్యలో ఇంకోటి. క్యూబ్ ముఖాల వెంబడి ఉండే పొరల్ని 100 (ఒకటి-సున్నా-సున్నా, లెక్క కాదు, పేరు) అంటాం. వాటి కిరణాలు ఒక పూర్తి వేవ్‌లెంగ్త్ తేడాతో చక్కగా కలిసేవే, కానీ ఆ మధ్య ఆటమ్ పొర అర వేవ్‌లెంగ్త్ తేడాతో వచ్చి మొత్తం తుడిచేస్తుంది. 100 పీక్ రాదు. రాలేదు కాబట్టే మధ్యలో ఒకటుందని పట్టుకుంటాం. నన్నడిగితే అసలు కథంతా లేని పీక్‌లోనే ఉంది, ఈ మాట ముప్పై ఏళ్లుగా అంటున్నా, వినేవాళ్లు లేరు.

నేనూ దెబ్బతిన్నవాణ్ణే. కొత్తలో పొటాషియం క్లోరైడ్ ప్యాటర్న్ (పీక్‌ల వరుస) చూసి సింపుల్ క్యూబిక్, అంటే మూలల్లో మాత్రమే ఆటమ్స్ ఉన్న క్యూబ్, అని బల్లగుద్ది రాశా, సెల్ (పదేపదే వచ్చే ఆ చిన్న క్యూబ్) అంచు 6.29 ఆంగ్‌స్ట్రామ్‌లైతే నా లెక్కలో సగమే వచ్చింది. నిజానికి దానిది మామూలు ఉప్పు (సోడియం క్లోరైడ్) స్ట్రక్చరే. ఎక్స్‌రేలకి కనపడేది ఎలక్ట్రాన్లు, పొటాషియం అయాన్‌కి 18, క్లోరైడ్‌కీ 18, రెండూ దాదాపు ఒకేలా కనపడతాయి. క్యూబ్‌ని ఏటవాలుగా కోసే 111 పొరల్లో ఇవి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుని 111 పీక్ మాయమైపోతుంది. ఉప్పులో సోడియంకి 10 కాబట్టి పూర్తిగా కొట్టుకుపోదు, చిన్నగా మిగులుతుంది. ఈ అవమానం గురించి రాసిన పేరాని ఒక ఎడిటర్ "పాఠకుడు భయపడతాడు" అని కోసేసి, క్రిస్టల్స్‌లో ఎక్స్‌రే డిఫ్రాక్షన్ కనిపెట్టిన లావే 1912లో ఏం చేశాడో నాలుగు లైన్లు అతికించాడు. ఇప్పుడేమో ప్రతిదానికీ "విశ్వరహస్యం" అని హెడ్డింగ్, నువ్వూ అదే పెట్టావు, తీసెయ్.

గాజులో పీక్‌ల బదులు వెడల్పాటి దిబ్బ వస్తుందన్న పేరా మాత్రం ముట్టుకోకు. ఉప్పునీ పొటాషియం క్లోరైడ్‌నీ పక్కపక్కన పెట్టి మళ్లీ రాసి పంపు. కలం పేరు సంగతి తర్వాత చూద్దాం.