డచ్ అమ్మాయిల బృందం లవ్ తన 1978 హిట్‌ను ఇంగ్లీష్‌లో ఎందుకు పాడింది?

‘యూ ఆర్ ద గ్రేటెస్ట్ లవర్’ ఇంగ్లీష్‌లో ఉండటానికి ప్రధాన కారణం మార్కెట్. డచ్‌లో పాడితే నెదర్లాండ్స్, బెల్జియంలోని డచ్ ప్రాంతం దాటి వెళ్లడం కష్టం. డిస్కో రోజుల్లో పెద్ద అమ్మకాలు కావాలంటే పక్కనే ఉన్న జర్మనీలో ఆడాలి, అక్కడ ఇంగ్లీష్ పాప్‌కు అలవాటుపడ్డ శ్రోతలు బోలెడు మంది. పైగా డిస్కోలో బీటే అసలు సంగతి, మాటలు నాలుగు తేలికగా నోటికొస్తే చాలు.

ఈ పాట 1978లో నెదర్లాండ్స్‌లో నంబర్ వన్ అయింది, జర్మనీలోనూ పెద్ద హిట్. బృందాన్ని నడిపిన నిర్మాత హాన్స్ వాన్ హెమర్ట్‌కు ఈ దారి కొత్తేమీ కాదు. మౌత్ అండ్ మెక్‌నీల్ అనే డచ్ జోడీతో ఆయన చేసిన ‘హౌ డూ యూ డూ’ ఇంగ్లీష్ పాటే, 1972లో అమెరికాలో టాప్ 10 దాకా వెళ్లింది.

లవ్‌ను బ్రిటిష్ బృందం అని ఎవరైనా అనుకోవచ్చు. కాదు, జోసే హూబీ, మార్గా స్కీడే, పాటీ బ్రార్డ్ ముగ్గురూ నెదర్లాండ్స్‌లో పేరు తెచ్చుకున్నవారే. పాటలు వాళ్లే రాసుకున్నారన్నదీ పొరపాటే. రచయితలుగా కనిపించే ‘యాన్‌షెన్ అండ్ యాన్‌షెన్స్’ వాన్ హెమర్ట్, పీట్ సౌవర్‌ల కలం పేరు.