అమ్మగారి జవాబులు: పిడికెడు బియ్యం ఎక్కడికి పోవాలి?

ప్రశ్న: అమ్మగారికి వందనములు. మాది ఒడిశాలోని గుణుపురం. మా క్రైస్తవ సంఘంలో 70 ఇళ్ళున్నాయి. ఎక్కువ మంది కూలి పని చేసుకునేవాళ్ళే. ఇంటింటా వంటకు ముందు సేవ కోసం తీసిపెట్టగా స్త్రీల సమాజం పోగుచేసే పిడికెడు బియ్యం అమ్మితే నెలకు 3,500 రూపాయల దాకా వస్తాయి. అందులో సగం ఆఫ్రికాలోని మలావీలో, ఒక మిషను ఆసుపత్రిలో పనిచేస్తున్న మన దేశపు నర్సు దంపతుల సేవకు ఇస్తున్నాం. కిందటి వర్షాకాలంలో మా సంఘంలోనే ఒక కూలి కుటుంబంలో బిడ్డకు జ్వరం తలకెక్కింది. బరంపురం తీసుకువెళ్ళడానికి బండి కిరాయి లేక, ఆ తండ్రి రాత్రికి రాత్రి వడ్డీకి అప్పు తెచ్చాడు. బిడ్డ దక్కింది గాని అప్పు ఇంకా తీరలేదు. అదే నెల మేము మలావీకి డబ్బు పంపాం. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అని యువకులు సంఘ కూటంలో నిలదీశారు. నేను కోశాధికారిని. ఏమీ చెప్పలేక తల దించుకున్నాను. విదేశీ సేవకు ఇవ్వడం ఆపేయాలా?
— ఒక సోదరుడు, గుణుపురం

జవాబు: బాబూ, మీ ఉత్తరం చదువుతూ "రాత్రికి రాత్రి" అన్న మాట దగ్గర ఆగిపోయాను. అంత రాత్రివేళ ఆ తండ్రికి గుర్తొచ్చిన గుమ్మం వడ్డీ వ్యాపారిది. సంఘ కాపరి (పాస్టరు) గారి ఇల్లు గాని, మీ ఇల్లు గాని అతనికి తోచలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

ఆ నెల మీరు మలావీకి పంపింది 1,750 రూపాయలు. గుణుపురం నుంచి బరంపురానికి అర్ధరాత్రి బండి మాట్లాడుకుంటే ఆ డబ్బు ఏ మూలకు సరిపోతుంది? అది మీ పెట్టెలోనే ఉన్నా అతనికి అప్పు తప్పేది కాదు. ఆపద వస్తే ఎవరి తలుపు తట్టాలో సంఘం అతనికి ముందుగా చెప్పి ఉంచలేదు. మలావీకి పంపడం మానేసినంత మాత్రాన వచ్చే వర్షాకాలానికి ఆ తలుపు తెరుచుకోదు. అయినా మీ యువకులను తప్పుపట్టకండి. సాటివాడి అప్పు చూసి కోపం వచ్చిన పిల్లలు వాళ్ళు. ఆ కోపం సంఘానికి కావాలి.

నేను పర్లాకిమిడిలో స్థిరపడకముందు కొండల మీద ఒక మిషను ఆసుపత్రిలో 31 ఏళ్ళు నర్సుగా చేశాను. వానలు మొదలయ్యాయంటే చలిజ్వరం కేసులే. సవర గిరిజన తల్లిదండ్రులు పిల్లలను వీపున కట్టుకుని, రెండేసి కొండలు దిగి వచ్చేవాళ్ళు. పిల్లవాడి వేలికొస గుచ్చి, గాజుపలక మీద రక్తపు చుక్క పెట్టి, ఇంకో పలక అంచుతో దాన్ని పల్చగా లాగి, ఆరేదాకా ఈగ వాలకుండా అరచేయి అడ్డం పెట్టి నిలబడేదాన్ని. ఆ తల్లి పలకను చూడదు, నా ముఖమే చూస్తూ ఉంటుంది. మా సూక్ష్మదర్శిని పాతది. దాని అడుగున చిన్న ఇత్తడి రేకు ఉండేది. దూరదేశంలోని ఒక చిన్న ఊరి సంఘంలో స్త్రీలు చిల్లర పోగుచేసి కొన్నదని ఆ రేకు మీద రాసి ఉంది. వాళ్ళెవరూ మన కొండలు చూసి ఉండరు. వాళ్ళ ఊళ్ళోనూ అప్పులవాళ్ళు, జబ్బుమనుషులు ఉండే ఉంటారు. వాళ్ళ అవసరాలన్నీ తీరాక పంపుదామనుకుని ఉంటే ఆ సూక్ష్మదర్శిని మా బల్ల మీదికి వచ్చేది కాదు, నేను చుక్క పరిచిన ఎందరో పిల్లలకు వేళకు మందు పడేది కాదు.

ఒకప్పుడు మనమే ఎవరికో మలావీ, బాబూ. 1882లో జర్మనీలోని బ్రెక్లం నుంచి కొరాపుట్ వైపు లూథరన్ మిషనరీలు వచ్చారు. మీ రాయగడ జిల్లాలోనే బిస్సంకటక్ ఆసుపత్రిని 1954లో ప్రారంభించిన ఎలిజబెత్ మాడ్సెన్ డాక్టరమ్మ డెన్మార్క్ నుంచి వచ్చారు. 1874లో కాకినాడలో పని మొదలుపెట్టిన కెనడా బాప్టిస్టులు మా పర్లాకిమిడి దాకా వచ్చారు. అయితే వాళ్ళకంటే ముందు కాకినాడలో దున్ని విత్తినవాడు తెలుగువాడు, థామస్ గేబ్రియేల్. తంతి శాఖలో ఉద్యోగం వదులుకుని సేవకు దిగాడు. రమ్మని కెనడావాళ్ళను వేడుకున్నది కూడా ఆయనే.

మనం పుచ్చుకోవడమే నేర్చామని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1903లో నెల్లూరు బాప్టిస్టు సంఘాలవాళ్ళు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పంపారు. అక్కడి తోటల్లో ఒప్పంద కూలీలుగా మగ్గుతున్న తెలుగువాళ్ళ కోసం ఆయన సముద్రం దాటి వెళ్ళి, ఆ ఏడే కేర్స్నీలో తెలుగు సంఘం నెలకొల్పారు. పంపినవాళ్ళు కలిగినవాళ్ళు కారు. వాళ్ళలో చాలామంది 1876–78 కరువు ఎరిగిన కుటుంబాలవాళ్ళు. అదే 1903లో తిరునల్వేలి క్రైస్తవులు స్థాపించిన భారతీయ మిషనరీ సంఘం సేవకులు దోర్నకల్ వచ్చి మన భాష నేర్చుకున్నారు. పిడికెడు బియ్యం కూడా మన ఒక్కరి ఆచారం కాదు. మిజోరం స్త్రీలు 1910 నుంచి వండబోయే బియ్యంలోంచి పూటపూటా ఒక పిడికెడు తీసి సేవకు పెడుతున్నారు.

బైబిలులోని అంతియొకయ సంఘాన్ని గుర్తు చేసుకోండి. అపొస్తలుల కార్యములలో 11వ అధ్యాయంలో ఆ సంఘం యూదయలోని కరువు బాధితులకు సహాయం పంపింది. 13వ అధ్యాయంలో అదే సంఘం బర్నబాను, పౌలును దూరదేశాలకు సాగనంపింది. ఒకటి చేశాం గనుక రెండోది అక్కరలేదని వాళ్ళు అనుకోలేదు.

ఇక మా పద్ధతి చెబుతాను. నెలలో మూడో ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం వరండాలో చాపలు పరుస్తాం. స్టీలు గిన్నెల్లో, గుడ్డ సంచుల్లో, కొంగు ముడిలో బియ్యం వస్తుంది. సన్నబియ్యం, ముతకబియ్యం, రేషను బియ్యం కలిసిపోతే అన్నం ఒక్క తీరుగా ఉడకదు. అందుకని మూడు కుప్పలుగా పోస్తాం. అప్పటికే కలిసిపోయినది ఇడ్లీ పిండికి పోతుంది, ధర తక్కువ. కొండ మీది నుంచి వచ్చే ఇద్దరు అవ్వలు బియ్యం బదులు రాగులు తెస్తారు, మా వైపు చోళ్ళు అంటాం. వాటిని వేరే గిన్నెలో, అందరికీ కనబడేలా పెడతాం. తూకం వేయకముందు ఒక పని తప్పనిసరిగా చేస్తాం. వరుసగా ఒక్కో ఇంటి పేరు చదువుతాం. ఆ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఎవరికి పని దొరకలేదు, ఏ పిల్లకు ఫీజు కట్టలేదు అన్నది పక్కింటివాళ్ళు చెబుతారు. అరగంట పడుతుంది. తూకం ఆ తర్వాతే. మీ మలావీ డబ్బుకు ముందు ఈ అరగంట పెట్టండి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు ఆ నెల బియ్యమంతా మందిరం ఆవరణలో గంజి కాయడానికే పోయింది. గంజి తాగడానికి వచ్చినవాళ్ళను ఏ సంఘమని అడగలేదు, ఏ మతమని అడగలేదు. బయటి సేవకు ఏమీ ఇవ్వలేకపోయామని మేము ఆదుకునే సేవకుల కుటుంబానికి ఉత్తరం రాశాం. ఆదివారం ఆరాధనలో అక్కడివాళ్ళంతా లేచి నిలబడి మా జిల్లా పేరెత్తి ప్రార్థించారని జవాబు వచ్చింది. ఆ ఉత్తరం ఇప్పటికీ నా బైబిలులో ఉంది.

మీరు చేయవలసింది మొదట ఆ తండ్రి అప్పు తీర్చడం. వచ్చే ఆదివారమే ప్రత్యేక కానుక పట్టండి, ముందు యువకులనే అడగండి. తర్వాత బియ్యం సొమ్ముతో సంబంధం లేకుండా ఇంటికి నెలకు 20 రూపాయలు వేసుకోండి. నెలకు 1,400 అవుతాయి, నాలుగు నెలలకు 5,600. ఆ డబ్బు రోడ్డు పక్కన ఇల్లున్న ఒక పెద్ద దగ్గర ఉంచి, బండి నడిపేవాడి ఫోను నంబరుతో పాటు ఆ ఇంటి గుర్తులు 70 ఇళ్ళకూ చెప్పండి. ఎవరైనా వాడుకుంటే వడ్డీ లేకుండా, వీలున్నప్పుడు తిరిగి ఇవ్వనివ్వండి. మలావీకి ఇచ్చేది ఆపకండి. ఈ బిడ్డ సంగతి ఆ దంపతులకు రాయండి. వాళ్ళు నర్సులు, జ్వరం రాత్రి ఎలా ఉంటుందో వాళ్ళకు తెలుసు.

కోశాధికారిగా మీరు చూసుకోవలసినది మరొకటి ఉంది. ధార్మిక ట్రస్టు తన ఆదాయాన్ని దేశం బయట ఖర్చు చేస్తే, ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు ఉత్తర్వు ఉంటే తప్ప ఆ మేరకు ఆదాయపు పన్ను మినహాయింపు రాదు. విదేశాల నుంచి వచ్చిన విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడాన్ని విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో వచ్చిన సవరణ నిషేధించింది. మీ సొమ్ము ఏ దారిన వెళుతున్నదో ఆడిటరుకు చూపించి, రశీదులు సంఘ కూటంలో చదివి వినిపించండి.

ప్రశ్న: మా మందిరం వరండాలో సాయంత్రాలు ఉచితంగా ట్యూషన్ చెబుతున్నాం. సగానికి పైగా హిందూ కుటుంబాల పిల్లలే. ట్యూషన్‌కు వచ్చేవాళ్ళు బైబిలు నేర్పే ఆదివారపు బడికి కూడా రావాలని నియమం పెడదామని ఒక పెద్ద అంటున్నారు. పెట్టవచ్చా?
— ఒక సోదరి, రాయగడ

జవాబు: వద్దమ్మా. ఒడిశాలో 1967లోనే ప్రలోభంతో, బలవంతంతో, మోసంతో మతం మార్చడాన్ని నేరంగా ప్రకటిస్తూ చట్టం వచ్చింది. మైనర్ల విషయంలో శిక్ష ఇంకా ఎక్కువ. చట్టం లేకపోయినా నా జవాబు ఇదే. మా ఆసుపత్రిలో మందు చీటీ రాసే ముందు ఎవరినీ విశ్వాసం గురించి అడగలేదు. ఎక్కాలు నేర్పితే ఎక్కాలే నేర్పండి. మన సరిహద్దు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియాలో చదువుతారు. రెండు భాషల మధ్య వాళ్ళు పడే అవస్థ మీకు తెలిసే ఉంటుంది. ఒడియా వాచకం పక్కన తెలుగు ఓనమాల పలక ఒకటి పెట్టండి. ఆ పెద్దగారికి తీరిక ఉంటే, వారానికి రెండు రోజులు వచ్చి ఆ పలక ఆయనే దిద్దించవచ్చు.