చిత్తుప్రతా, రాతప్రతా, ముసాయిదానా?

సందేహం: ఒక నవల మొదలుపెట్టబోతున్నాను. మొదటి డ్రాఫ్టు చేత్తోనే రాయాలని రూళ్ల నోటుపుస్తకాలు నాలుగు కొని పెట్టుకున్నాను. అట్ట మీద ఏమని రాయాలో తేలక అక్కడే ఆగిపోయాను. ముసాయిదా అనాలా, రాతప్రతి అనాలా, చిత్తుప్రతి అనాలా? మా అన్నయ్య 'చేవ్రాలు ప్రతి' అంటే బాగుంటుందంటున్నాడు. రాత, వ్రాతల్లో ఏది సరైనదో కూడా చెప్పండి.

సమాధానం: చిత్తుప్రతి అని రాసేయండమ్మా.

ముసాయిదా అన్నా డ్రాఫ్టే. కానీ ఆ మాట తెలుగులో ఆఫీసుల్లో స్థిరపడిపోయింది. ముసాయిదా బిల్లు అంటాం, ఓటర్ల ముసాయిదా జాబితా అంటాం, ముసాయిదా కథ అని ఎవరూ అనరు. దాని పుట్టుక మాత్రం రాసేవాళ్లకు నచ్చుతుంది. అరబ్బీ 'ముసవ్వదా' నుంచి వచ్చింది, నల్లబరిచినది అని అర్థం. సాపు రాసిన ప్రతిని 'ముబయ్యదా' అన్నారు, అంటే తెల్లబరిచినది.

రాతప్రతి అనేది అచ్చుప్రతికి ఎదురుమాట. తాటాకు మీద గంటంతో రాసినా, నోటుపుస్తకంలో పెన్నుతో రాసినా, చిత్తైనా సాపైనా, చేత్తో రాసిందల్లా రాతప్రతే. కాబట్టి మీరు చేస్తున్నది మొదటి ప్రయత్నమని ఆ మాట చెప్పదు. చిత్తుప్రతి చెబుతుంది.

ఇక చేవ్రాలు. చేయి, వ్రాలు కలిసిన మాట, వ్రాలు అంటే అక్షరాలు. విడదీసి చూస్తే మీ అన్నయ్య అన్నది సబబుగానే కనిపిస్తుంది, కానీ వాడుకలో దానికి సంతకం అనే అర్థం ఒక్కటే నిలిచింది. పారసీ నుంచి వచ్చిన దస్తఖత్తు కథా అచ్చం ఇదే: దస్త్ అంటే చేయి, ఖత్ అంటే రాత, రెండూ కలిస్తే సంతకం. అక్షరాల తీరు గురించి చెప్పాలంటే చేతిరాత ఉంది, దస్తూరి ఉంది.

రాత, వ్రాత రెండూ సరైనవే. వ్రాయు పాత రూపం, తమిళంలో గీయడం, రాయడం అనే అర్థాలున్న 'వరై'కి చుట్టం. ఒంటికి నూనె రాయడంలోని రాయు వేరే ధాతువు, అందులో మొదటినుంచీ వకారం లేదు. పాత రాతలో ఆ తేడా కంటికి కనిపించేది. ఇప్పుడు సందర్భమే తేడా చెబుతోంది, దానివల్ల ఎవరికీ ఇబ్బంది రావడం లేదు గనక నవలలో హాయిగా 'రాత' అనే రాసుకోండి.

మీరు అడగకపోయినా ఇంకో మాట చెప్పాలనిపిస్తోంది: హంసపాదు. రాసేటప్పుడు అక్షరమో మాటో జారిపోతే, అది ఎక్కడ చేరాలో చూపించడానికి వరుసలో పెట్టే గుర్తు అది. పక్షి కాలి ముద్రలా ఉంటుందని ఆ పేరు. రాయడం మొదలుపెట్టిన చోటే ఆ గుర్తు పెట్టాల్సి వస్తే 'ఆదిలోనే హంసపాదు' అన్నారు, ఇప్పుడు ఏ పనికి మొదట్లో అడ్డం తగిలినా అదే అంటున్నాం. సామెతలో అది అపశకునమే గానీ చిత్తుప్రతిలో అది లేకుండా పని జరగదు, జారిపోయిన మాట రెండోసారి చదివినప్పుడే దొరుకుతుంది. అందుకే అట్ట మీద పేరు రాశాక లోపల దానికి చోటు ఉంచండి. వరుస విడిచి వరుస రాయండి, ఎడమ పక్క మార్జిన్ వెడల్పుగా వదలండి, వీలైతే కాగితానికి ఒక వైపే రాసి, ఎదురు పేజీని చేర్పులకు ఖాళీగా ఉంచండి. పేజీ నంబర్లు ముందే వేసుకుంటే 'ఇది 42వ పేజీలో చేరాలి' అని ఎక్కడినుంచైనా గుర్తు పెట్టుకోవచ్చు. కొట్టేసిన మాట మీద మాత్రం ఒక్క గీతే గీయండి. నల్లగా రుద్దేస్తే, నెల తర్వాత ఆ మాటే కావాలనిపించినప్పుడు మళ్లీ దొరకదు.