సభకు చోటు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గోడు: మాట్లాడదామంటే చోటు లేదు, చోటుంటే అనుమతి లేదు. అందుకే ఈ సంచిక మొత్తం దానికే.

ప్రశ్న: తోతాపురి మామిడికి గిట్టుబాటు ధర కోసం మండల కేంద్రంలో తహసీల్దారు కార్యాలయం ఎదుట ఒక్క పూట కూర్చుందామనుకున్నాం. పోలీసులను అడిగితే ‘సెక్షన్ 30 అమల్లో ఉంది, కుదరదు’ అన్నారు. సెక్షన్ 30 ఉంటే సభే పెట్టుకోకూడదా?
– ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: పెట్టుకోవచ్చు. సెక్షన్ 30 అమల్లో ఉందంటే ‘ముందు అనుమతి అడగండి’ అని అర్థం. ‘ఇంట్లో కూర్చోండి’ అని కాదు. అది 1861 నాటి పోలీసు చట్టంలోని సెక్షన్. రోడ్ల మీద సభలూ ఊరేగింపులూ ఏ దారిన, ఏ వేళల్లో సాగాలో చెప్పే అధికారం పోలీసులకు ఇస్తుంది. శాంతిభద్రతలు చెడతాయనుకున్న చోట లైసెన్సు తీసుకోమని నోటీసు ఇవ్వనిస్తుంది. ఆ దరఖాస్తుకూ లైసెన్సుకూ రుసుము వసూలు చేయకూడదని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. ఈ ముక్క చాలామంది చదవరు.

ఆయుధాలు లేకుండా శాంతంగా గుమిగూడే హక్కు రాజ్యాంగంలోని 19(1)(బి) ఇచ్చింది. అహ్మదాబాద్ పోలీసు కమిషనర్ మీద హిమత్‌లాల్ షా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1972లోనే తేల్చింది: వీధుల్లో సభలను క్రమబద్ధం చేయవచ్చు గానీ అసలే వీల్లేదనడం కుదరదు. మన దగ్గర దీనికి పెద్ద పరీక్ష 2023లో వచ్చింది. 2022 డిసెంబర్ 28న కందుకూరులో రోడ్డు మీది సభలో తొక్కిసలాట జరిగి 8 మంది, జనవరి 1న గుంటూరులో మరో 3 మంది చనిపోయారు. మర్నాడే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోడ్ల మీద సభలను దాదాపుగా ఆపేస్తూ జీవో నంబర్ 1 తెచ్చింది. హైకోర్టు జనవరి 12న దాన్ని సస్పెండ్ చేసి, మే 12న కొట్టేసింది. జీవో వెనకున్న చావులు చిన్న విషయం కాదు. కానీ ఇరుకు సందులో జనాన్ని కుక్కితే వచ్చే ప్రమాదానికి మందు వెడల్పయిన చోటు చూపించడం, బయటికి పోయే దార్లు తెరిచి ఉంచడం. సభలే మాన్పించడం కాదు.

ఇక మీ పని. నోటి మాట అడగొద్దు, నోటి మాట జవాబు తీసుకోవద్దు. వారం ముందే డీఎస్పీ పేరిట దరఖాస్తు రాయండి, ఒక నకలు స్టేషన్‌లో ఇవ్వండి. రెండింటి మీదా తేదీతో సహా ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే రిజిస్టర్డు పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. దరఖాస్తులో ఉండాల్సినవి: ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ముగింపు, ఎక్కడ నుంచి ఎక్కడి దాకా కూర్చుంటారు (చిన్న పటం గీసి రోడ్డులో ఎంత వదులుతున్నారో చూపండి), ఎంతమంది వస్తారు, ట్రాక్టర్లు, ఆటోలు ఎక్కడ ఆపుతారు, బాధ్యుల పేర్లు, ఫోన్లు ఒక నలుగురివి, వాలంటీర్లు ఎందరు. స్థలం పంచాయతీదో, ఆర్ అండ్ బీదో, బడిదో అయితే వాళ్ల నిరభ్యంతర పత్రం జత చేయండి. ఎక్కువ దరఖాస్తులు ఆగిపోయేది ఇక్కడే. సంఖ్య దగ్గర గొప్పలకు పోవద్దు. 200 మంది వచ్చే చోట 2,000 అని రాస్తే, ‘అంతమందికి బందోబస్తు లేదు’ అన్న జవాబును మీరే చేతికందించినట్టు.

మైకుకు వేరే అనుమతి కావాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ కుదరదు. నిశ్శబ్ద మండలాలుగా ప్రకటించే ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లలో పగలు కూడా ఇబ్బందే. తహసీల్దారు కార్యాలయం పక్కనే బడి ఉండటం మన ఊళ్లలో మామూలు. టేపు పెట్టి కొలుచుకోండి.

నిరాకరిస్తే కారణాలతో కాగితం అడగండి. చాలాసార్లు ఆ కాగితం ముందు రోజు చీకటి పడ్డాక వస్తుంది, అప్పటికి కోర్టు మూసేసి ఉంటుంది. అందుకే దరఖాస్తు ముందుగా పడాలి, నకలు ముందుగానే లాయరు దగ్గర ఉండాలి. హైకోర్టులో 226 అధికరణ కింద రిట్ వేసి, అత్యవసరమైతే లంచ్ మోషన్ (అదే రోజు వినమనే వినతి) అడుగుతారు. ఇలాంటి కేసుల్లో కోర్టు తరచుగా మధ్యేమార్గం చూస్తుంది: ఇంతమందే, ఇన్ని గంటలే, ఫలానా చోటే అని షరతులు పెట్టి అనుమతిస్తుంది. ముందుగానే పటమూ సంఖ్యా ఇచ్చిన వాళ్లకు ఆ షరతులు భారం కావు.

‘144 పెట్టారు’ (గుమిగూడొద్దన్న ఉత్తర్వు ఇచ్చారు) అంటే అది వేరే సంగతి. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163వ సెక్షన్. ఆ ఉత్తర్వు మామూలుగా రెండు నెలలకు మించి ఉండదు. న్యాయమైన నిరసనను నొక్కేయడానికి దాన్ని వాడకూడదనీ, ఉత్తర్వులు జనానికి తెలిసేలా ప్రచురించాలనీ కశ్మీర్‌కు సంబంధించిన అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరిలో చెప్పింది. కాబట్టి ‘అమల్లో ఉంది’ అన్న వాళ్లను ఉత్తర్వు నంబరూ తేదీ అడగడం తప్పు కాదు.

ప్రశ్న: నిరసనలకు నగరంలో ఒక చోటు కేటాయించేస్తే సరిపోదా? రోడ్డు మీద అంబులెన్సు ఆగిపోతుంటే అది ప్రజాస్వామ్యమా?
– ఒక ఉద్యోగి, సికింద్రాబాద్

జవాబు: అంబులెన్సు ఆగకూడదు, అందులో మాటే లేదు. పౌరసత్వ చట్ట సవరణకు వ్యతిరేకంగా ఢిల్లీలో రోడ్డు మీద సాగిన ధర్నాపై వచ్చిన షాహీన్ బాగ్ కేసులో సుప్రీంకోర్టు 2020 అక్టోబర్ 7న చెప్పింది కూడా దాదాపు అదే: రోడ్లను నిరవధికంగా ఆక్రమించుకోవడం సరికాదు, నిరసనలు కేటాయించిన చోట జరగాలి. ఆ తీర్పులోని రెండో సగంతోనే పేచీ. కేటాయించిన చోటు ఎక్కడ?

మీ నగరం సంగతే చూడండి. ఇందిరా పార్కు పక్కన ధర్నా చౌక్ సచివాలయం నుంచి నడిచి పోగలిగేంత దూరం. 2017లో స్థానికుల ఇబ్బందుల పేరు చెప్పి దాన్ని మూసేసి, నగరం అంచుల్లో వేరే స్థలాలు చూపారు. ఆ ఏడాది మే 15న పెద్ద గొడవే అయింది. 2018 నవంబర్‌లో హైకోర్టు మళ్లీ అక్కడ ధర్నాలకు వీలిచ్చింది. 2021 నవంబర్ 18న వడ్ల కొనుగోళ్ల మీద కేంద్రాన్ని నిలదీయడానికి అప్పటి ముఖ్యమంత్రి స్వయంగా అక్కడే ధర్నాకు కూర్చున్నారు. చౌక్‌ను మూయించింది ఆయన ప్రభుత్వమే. నగరం అంచున కూర్చుంటే ఎవరికీ వినపడదని ఇంతకన్నా బాగా ఎవరూ ఒప్పుకోలేదు.

ఢిల్లీలో జంతర్ మంతర్‌దీ ఇదే కథ. 2017 అక్టోబర్‌లో జాతీయ హరిత ట్రైబ్యునల్ అక్కడ ధర్నాలు ఆపించింది. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వేసిన కేసులో 2018 జూలై 23న సుప్రీంకోర్టు పూర్తి నిషేధం చెల్లదంది. చుట్టుపక్కల వాళ్ల నిద్రకూ హక్కుంది, ధర్నాకూ హక్కుంది, రెండింటికీ మార్గదర్శకాలు తయారు చేయమంది.

కేటాయించిన చోటు నిజంగా పనికొస్తుందో లేదో కనిపెట్టడానికి మా లెక్క ఇది: ఎవరికి వినపడాలో వాళ్ల ఆఫీసు కనుచూపు మేరలో ఉందా, బస్సు దిగి నడిచి రాగలమా, తాగునీరూ ఆడవాళ్లకు మరుగుదొడ్డీ ఉన్నాయా. చివరిది లేకపోతే మధ్యాహ్నానికి సగం సభ ఖాళీ. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల ధర్నాలు చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఫోనులోనే అంతా మాట్లాడుకుంటున్న కాలంలో ఇంకా మైదానాలెందుకు?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: ఫోనులో మీ మాట మిమ్మల్ని వెతుక్కునేవాళ్లకు చేరుతుంది. బస్టాండు దగ్గర మీ మాట కూరగాయలకు వచ్చినవాళ్లకు కూడా చేరుతుంది. తేడా అంతే, కానీ చిన్న తేడా కాదు.

ప్రశ్న: మా ఊరి దగ్గర ఫ్యాక్టరీకి ప్రజాభిప్రాయ సేకరణ పెడతారట. వెళ్లి గట్టిగా వద్దంటే ఆగిపోతుందా? ఏం సిద్ధం చేసుకోవాలి?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: వద్దన్నంత మాత్రాన ఆగదు. అక్కడ ఓటింగ్ ఉండదు, కోరం (కనీసం ఇంతమంది ఉండాలన్న లెక్క) ఉండదు, పదిమంది వచ్చినా జరిగినట్టే. మరి దాని బలం ఎక్కడంటే, అక్కడ మీరన్నది రికార్డుకెక్కుతుంది, రేపు కోర్టులో ఆ రికార్డే మాట్లాడుతుంది.

2006 సెప్టెంబర్ 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ దీనికి ఆధారం. సభకు కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక తెలుగు పత్రికలో ప్రకటన రావాలి. ముసాయిదా నివేదికా తెలుగులో దాని సారాంశమూ కలెక్టర్ కార్యాలయం, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం వంటి చోట్ల అందుబాటులో ఉంచాలి. సభ ప్రాజెక్టు స్థలంలోనో దగ్గర్లోనో జరగాలి. అధ్యక్షత కలెక్టర్‌దో, అదనపు జిల్లా మెజిస్ట్రేట్ హోదాకు తగ్గని ప్రతినిధిదో. మొత్తం వీడియో తీయాలి. మినిట్స్ (సభలో ఎవరేమన్నారో రాసిన నమోదు) అక్కడే తెలుగులో చదివి వినిపించాలి.

ప్రకటన వచ్చిన పత్రిక కత్తిరించి పెట్టుకోండి, 30 రోజులు లెక్కపెట్టండి. సారాంశం ఒక్కటీ చదివి ఊరుకోవద్దు. నివేదికలో నీళ్లెక్కడి నుంచి తెస్తారు, బూడిదో వ్యర్థమో ఎక్కడ పోస్తారు అన్న భాగాలు తెరిచి మీ చెరువూ మీ కాలువా అందులో ఉన్నాయో లేవో చూడండి. ఎక్కువ నివేదికలు దొరికిపోయేది ఇక్కడే: ఊళ్లో అందరూ పేరుతో పిలిచే చెరువు పటంలో కనిపించదు. అప్పుడు ‘మాకు ఫ్యాక్టరీ వద్దు’ అనడం కన్నా ‘ఫలానా సర్వే నంబరులోని చెరువు మీ పటంలో లేదు, దాని కింద ఇన్ని ఎకరాలు సాగవుతున్నాయి’ అనడం బలం. మాట్లాడింది రాతలో కూడా ఇచ్చి ముద్ర వేయించుకోండి. సభకు రాలేనివాళ్లు కాలుష్య నియంత్రణ మండలికి రాసి పంపవచ్చు.

సభ దెబ్బతినేది చాలాసార్లు చోటు దగ్గరే. షామియానా వేసి, బారికేడ్లు కట్టి, ముందు వరసల్లో బయటి మనుషులను నింపేసరికి భూమి పోయేవాళ్లు వెనక ఎండలో నిలబడతారు, మైకు వాళ్ల దాకా రాదు. పొద్దున్నే వెళ్లి పేరు నమోదు చేయించుకోండి. మినిట్స్ చదివేదాకా కదలొద్దు, తప్పుంటే అప్పుడే చెప్పండి. ఒకవేళ సభను వాయిదా వేయించడమే గెలుపు అనుకుంటే ఆలోచించుకోండి. కుర్చీలు విరిగిన సభ నుంచి రికార్డుకు మిగిలేది కేసు నంబరు తప్ప మీ చెరువు కాదు.

మీ ఊరు షెడ్యూల్డ్ ప్రాంతంలో (రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన గిరిజన ప్రాంతంలో) ఉంటే గ్రామసభ బరువు వేరు. మీ పక్కనున్న ఒడిశాలో నియమగిరి బాక్సైట్ విషయంలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న నిర్ణయాన్ని గ్రామసభల ముందు పెట్టమంది. ఎంపిక చేసిన 12 గ్రామాల సభలూ వద్దన్నాయి, గని ఆగింది.

ప్రశ్న: గ్రామసభకు రమ్మని చాటింపు వేస్తారు. మా వాడ నుంచి ఒక్కరూ పోరు. ఎందుకు పోవడం లేదని అడిగితే ‘మీకే శ్రద్ధ లేదు’ అంటారు.
– ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: ఎక్కడ పెడుతున్నారో మీరు రాయలేదు గానీ ఊహించగలం: గుడి మండపంలోనో, సర్పంచ్ ఇంటి అరుగు మీదో. ఒకప్పటి రచ్చబండ మీద ఎవరు కూర్చునేవారో, ఎవరు కింద నిలబడేవారో తెలిసిందే కదా. చోటు మార్చకుండా మనుషుల్ని తిట్టడం వల్ల లాభం లేదు. బడి ఆవరణ మేలు. ఒకసారి మీ వాడలో, ఒకసారి ఊళ్లో పెట్టమని అడగడం ఇంకా మేలు. వేళ కూడా చూడండి. పత్తి ఏరే రోజుల్లో ఉదయం 11 గంటలంటే కూలి వదులుకుని రమ్మనడమే.

ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే, ఎవరి పిలుపూ అక్కర్లేదు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాలి. చోటూ వేళా మార్చమని పదిమంది సంతకాలతో పంచాయతీ కార్యదర్శికి రాసివ్వండి, నకలు ఎంపీడీవోకు. సభలో ఆ విషయాన్నే మొదటి తీర్మానంగా పెట్టించండి. తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీ కింద మాత్రం ఎవరూ సంతకం చేయకండి. సభ అయిపోయాక పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించుకుంటున్నారంటే సభ జరగనట్టే లెక్క.

ప్రశ్న: మా కాలనీ పార్కుకు అసోసియేషన్ తాళం వేసి ‘సభలు, సమావేశాలు నిషేధం’ అని బోర్డు పెట్టింది. వార్డు సమస్యల మీద నలుగురం కూర్చుని మాట్లాడుకోవడానికి కూడా వీల్లేదట.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయవాడ

జవాబు: లేఅవుట్ ఆమోదం పొందినప్పుడు పార్కు స్థలాన్ని మామూలుగా గిఫ్ట్ డీడ్ ద్వారా మున్సిపాలిటీకి రాసిస్తారు. అలా రాసిచ్చి ఉంటే అసోసియేషన్ దాన్ని చూసుకునేదే గానీ సొంతదారు కాదు, బోర్డు రాసినంత మాత్రాన చట్టం కాదు. ముందు అది తేల్చుకోండి. సమాచార హక్కు కింద మున్సిపల్ కార్పొరేషన్‌కు 10 రూపాయల రుసుముతో మూడు అడగండి: ఆమోదించిన లేఅవుట్ ప్లాను నకలు, గిఫ్ట్ డీడ్ నకలు, పార్కు నిర్వహణను అసోసియేషన్‌కు అప్పగించిన ఉత్తర్వుంటే దాని నకలు. 30 రోజుల్లో జవాబు రావాలి.

మూడోది లేదని వస్తే తాళం తీయించమని కమిషనర్‌కు రాయండి. ఉందని వస్తే అందులో వేళలు, షరతులు ఏమున్నాయో చూడండి. మైకూ టెంటూ లేకుండా బెంచీల మీద మాట్లాడుకోవడాన్ని ఆపే షరతు అందులో ఉండే అవకాశం తక్కువ. పార్కులో కట్టడం లేపే ప్రయత్నం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు. బెంగళూరులో పార్కుకు వదిలిన స్థలాన్ని ఆసుపత్రికి ఇస్తే, ఆ కాలనీవాసులు వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లో ఆ కేటాయింపు చెల్లదంది. ముద్దప్ప కేసుగా లాయర్లందరికీ అది తెలుసు. పునాది తవ్వకముందు వేసిన పిటిషన్‌కూ స్లాబు పడ్డాక వేసిన పిటిషన్‌కూ కోర్టులో చాలా తేడా ఉంటుంది.